కలింగర చేనికి సోలార్ ఝట్కా మిషన్: ఎలుగ్గొడ్లు దిగే ఊర్లో రెండేళ్లు వాడినాక నా రివ్యూ

చేను చుట్టూ తీగ కట్టి, జంతువు తగిలితే చిన్న కరెంట్ దెబ్బ కొట్టి తరిమే సోలార్ కంచె మిషను ఇది, రెండేళ్లు వాడినాక రాస్తాండా ఈ రివ్యూ. కొన్న వారానికే రాసింటే ఐదుకు ఐదు స్టార్లు ఇచ్చేసేవాణ్ని, మొదటి ఎండాకాలం మధ్యలో రాసింటే ఒక్కటి కూడా ఇచ్చేవాణ్ని కాదు, ఇప్పుడు నాలుగు ఇస్తాండా. ఆ ఒక్కటి ఎందుకు పోయిందో కూడా చెప్తా. రోంత పొడుగైతాది, కొనాలనుకునేవాళ్లు ఓపిగ్గా చదవండి, ఎందుకంటే షాపులో చెప్పేది సగమే, మిగతా సగం మనం చేన్లో నేర్చుకోవాల్సిందే.

మాది అనంతపురం జిల్లా కుందుర్పి పక్క పల్లె, కర్ణాటక బార్డరు దగ్గర. ఊరెనకాలే గుట్ట, గుట్ట కిందనే మా మూడెకరాలు, ఒక బోరు, డ్రిప్పు. వానాకాలం శెనక్కాయ, బోరులో నీళ్లుంటే ఎండాకాలం కలింగర (పుచ్చకాయ), ఒకోసారి మొక్కజొన్న. కళ్యాణదుర్గం, రాయదుర్గం, కుందుర్పి సైడు వాళ్లకి ఎలుగ్గొడ్లు ఎట్ల దిగుతాయో నేను చెప్పాల్సిన పని లేదు. పుస్తకాల్లో ఎలుగుబంటి అని ఉంటాది, మేము ఎలుగ్గొడ్డు అంటాం, బార్డరు అవతల కరడి అంటారు. నా చిన్నప్పుడు ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఎవరో చూసినామని చెప్తే ఊరంతా అదే మాట, ఇప్పుడు అట్ల కాదు, కలింగర కాయ తీపి ఎక్కేసరికి రోజూ రాత్రి చేన్లోకే వస్తాండాయి. తల్లి, దాని వీపు మీద రెండు పిల్లలు. మా ఆంజనేయస్వామి గుడిలో ప్రమిదల్లో నూనె నాకేసి, టెంకాయ చిప్పలు కొరికి పోయినాయి, పూజారి తెల్లారి చూసి గర్భగుడికి ఇనుప గేటు పెట్టించినాడు.

మా ఊర్లో అందరూ వాటి సంఖ్య పెరిగిందనే అంటారు. నేను మాత్రం కొండనే చూడమంటా. ఒక పక్క గ్రానైట్ క్వారీ పేలుళ్లు, ఎండాకాలం వస్తే ఎవరో ఒకరు గుట్టకి నిప్పు పెట్టడం, ఆ నిప్పుకి ఈత, రేగు, బలుసు, సీతాఫలం మొత్తం కమిలిపోవడం. దాని తిండి ఏంది, పండ్లు, తేనె, చెదలు. చెదల పుట్టని గోళ్లతో తవ్వి మూతి లోపల పెట్టి పీల్చేస్తాది, పై వరసలో ముందు రెండు పళ్లు ఉండవు దానికి, ఆ సందులోంచి పీల్చడానికే అట్ల పుట్టింది. అట్లాంటి జంతువుకి కొండ మీద పండు లేదు, గుంటలో నీళ్లు లేవు, కింద మన చేన్లో పదికిలోల కాయలు వరసగా పండుకోని ఉండాయి, దాని పక్కనే డ్రిప్పు పైపు కారతాంటాది. దిగక ఏం చేస్తాది చెప్పండి. అందులోనూ చలికాలం గుహలో దూరి నిద్రపోయే రకం కాదు ఇది, సంవత్సరం పొడుగునా తిరగతానే ఉంటాది.

ఈ మిషన్ కొనడానికి అసలు కారణం పంట కాదు, మా చిన్నాయన. మొబ్బులో, అంటే తెల్లారకముందే, మోటారు ఆన్ చేయడానికని వంక దోవలో పోతాంటే మలుపు కాడ తల్లి ఎలుగ్గొడ్డుకి ఎదురుపడినాడు. దానికి కంటి చూపు తక్కువ, చెవులు కూడా అంత చురుగ్గా పనిచేయవు, ముక్కు ఒక్కటే గట్టిది, ఆ రోజు గాలి అటు నుంచి ఇటు కొడతాంది కాబట్టి ఈయన వాసన దానికి అందలేదు. ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడినారు. అది నిలబడి మొగం మీదే పడింది. ప్రాణం దక్కింది గానీ ఎడమ కన్ను పోయింది, చెంప మీద కుట్లు ఇప్పటికీ లాగతాయంటాడు చలికి. ఆ వారం మా ఇంట్లో పెద్ద గొడవ. మా బావ వాళ్లు, ఇంకా నలుగురైదుగురు, చేను చుట్టూ తీగ లాగి మోటారు స్టార్టర్ నుంచి డైరెక్టుగా లైను కరెంట్ పెడదాం, దెబ్బకి పీడ పోతాదన్నారు. మొగానికి కట్టు ఉన్న మనిషి మంచం మీద నుంచి లేచి వద్దన్నాడు. పందులకని పెట్టిన కరెంట్ తీగ మీద పక్కూరి పిల్లోడు పడి పోయినప్పుడు ఆ పిల్లోణ్ని మోసినోళ్లలో మా చిన్నాయన ఒకడు. "నాది కన్నే పోయింది, వాళ్లింట్లో దీపమే పోయింది" అన్నాడు. అంతటితో ఆ మాట ఆగిపోయింది మా ఇంట్లో.

కాబట్టి ఇది చదివే అన్నలకి, తమ్ముళ్లకి ముందే చెప్తాండా, డైరెక్టుగా లైను కరెంట్ పెట్టేటట్టయితే ఈ రివ్యూ మీకు అక్కర్లేదు, కానీ దయచేసి పెట్టొద్దు. 230 వోల్టుల లైను కరెంట్ తగిలితే మనిషినైనా గొడ్డునైనా పట్టి లాగేస్తాది, వదలదు. నీళ్లు కట్టడానికి పోయిన సొంత ఇంటివాళ్లే పోయిన ఊర్లు ఉండాయి. ఎలుగ్గొడ్డు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉండాది, పులితో సమానంగా, దాన్ని చంపితే జైలే.

ఝట్కా మిషన్ అట్ల కాదు. బ్యాటరీది 12 వోల్టుల కరెంట్, దాన్ని మిషను ఎనిమిది తొమ్మిది వేల వోల్టులకి పెంచి తీగలోకి వదులుతాది. కానీ ధారగా కాదు, సుమారు సెకనుకి ఒకసారి, టక్ మని ఒక దెబ్బ, అది కూడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. వోల్టేజీ పెద్దది, దెబ్బ వ్యవధి చిన్నది, అందుకే గట్టిగా కొడతాది గానీ చంపదు, తగిలినోళ్లకి వెనక్కి లాక్కోవడానికి టైం దొరుకుతాది. నాకు నాలుగుసార్లు తగిలింది, మోచేతి వరకు గూటం పెట్టి కొట్టినట్టు ఉంటాది, పది నిమిషాలకి మామూలే. గుండెకి పేస్‌మేకర్ పెట్టుకున్నవాళ్లు మాత్రం దగ్గరికి పోకూడదు. చిన్న పిల్లోళ్లని కూడా దూరంగా పెట్టండి, దెబ్బకి తల తీగకి తగిలేటట్టు పడితే ఇబ్బంది.

2023 డిసెంబర్లో కొన్నా, అనంతపురంలో ఒక షాపులో. మిషను, 40 వాట్ల సోలార్ ప్యానెలు, 12 ఏహెచ్ (ఆంపియర్-అవర్, ఛార్జి ఎంత పడతాదో చెప్పే లెక్క) బ్యాటరీ, హూటరు (సైరన్), అంతా కలిపి 14,500 పడింది. తీగ వేరే. మూడెకరాల చుట్టుకొలత మాకు 450 మీటర్ల దాకా వచ్చింది, నాలుగు వరసలంటే 1800 మీటర్లు, 2 ఎంఎం జీఐ (జింకు పూత ఇనుప) తీగ కిలోకి 40 మీటర్లు వస్తాది కాబట్టి 45 కిలోలు తెచ్చినా. తీగ, ప్లాస్టిక్ ఇన్సులేటర్లు, వెదురు గూటాలు, కూలి అంతా కలిపితే ఇంకో 13 వేలు. అంటే మొత్తం 27, 28 వేల మధ్య. ఒక కలింగర పంటలో పోయిన కాయలకి లెక్కేస్తే ఎక్కువేం కాదు, కానీ ఒకేసారి పెట్టాలంటే మా లాంటోళ్లకి పెద్ద మొత్తమే, ఇద్దరు ముగ్గురు పక్కపక్క చేన్లవాళ్లు కలిసి ఒక్క మిషను పెట్టుకోవచ్చు, కెపాసిటీ సరిపోతాది.

కొనేటప్పుడు ఒకటి చూడండి. డబ్బా మీద ఐఈసీ 60335-2-76 అని రాసి ఉండాల, కంచె మిషన్లకి అంతర్జాతీయంగా ఉండే సేఫ్టీ స్టాండర్డ్ అది, దెబ్బలో ఎంత శక్తి ఉండాలో, ఎంత సేపు ఉండాలో అన్నీ అందులో ఉంటాయి. మార్కెట్లో ఆ మాటే లేని డబ్బాలు సగం రేటుకి అమ్ముతాండారు, అవి కొనొద్దు. ఇంకోటి, దీంతో పాటు ఒక అడాప్టర్ ఇస్తారు, ఇంట్లో ప్లగ్గులో పెట్టి బ్యాటరీ ఎక్కించుకోవడానికి. కంచె తగిలించి ఉన్నప్పుడు ఆ అడాప్టర్ వాడొద్దు, ఏ చిన్న తప్పు జరిగినా లైను కరెంట్ తీగలోకి వచ్చే ఛాన్స్ ఉంటాది. బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చి ఎక్కించుకోండి, అంతే.

మొదటి నెల బ్రహ్మాండంగా పని చేసింది. జనవరిలో భూమిలో ఇంకా రోంత తడి ఉంటాది కదా. మూడో రోజు రాత్రి పది దాటినాక గుట్ట సైడు నుంచి ఒక అరుపు, నేను చేన్లోనే మంచె మీద ఉన్నా, అరుపు తర్వాత కంప మీద ధబధబ పరిగెత్తిన శబ్దం. తెల్లారి చూస్తే తీగ బయట పక్క అడుగులు, మనిషి పాదం మాదిరే ఉంటాది ఎలుగ్గొడ్డు ఎనకకాలి అడుగు, ముందు గోళ్ల గీతలు లేకుంటే ఎవరో ఒట్టి కాళ్లతో నడిచినారనుకుంటాం. కంచె ఎంబడి ఇరవై మీటర్లు నడిచి, ఒక చోట మూతి పెట్టి, అక్కడి నుంచి వెనక్కి. లోపల ఒక్క కాయ కూడా పోలేదు. మా చిన్నాయన వచ్చి ఆ అడుగుల పక్కన కూర్చోని చేత్తో కొలిచినాడు, ఏం మాట్లాడలేదు చానా సేపు. తర్వాత "పోయింది పో, దాని ఇంటికి అది పోయింది" అన్నాడు.

ఏప్రిల్ వచ్చేసరికి కథ మారింది. మిషను టక్ టక్ మంటానే ఉంది, డిస్‌ప్లేలో 9 (తొమ్మిది వేల వోల్టులు) అని చూపిస్తానే ఉంది, ఎలుగ్గొడ్డు మాత్రం తీగ కింద దూరి లోపలికొచ్చి ఒక రాత్రి ముప్పై కాయలు పగలగొట్టి పోయింది. అది మొత్తం తినదు, ఒక దాంట్లో రోంత, ఇంకో దాంట్లో రోంత, అదే మన కడుపు మంట. షాపుకి ఫోన్ చేస్తే మిషను బాగానే ఉంది కదన్నా అంటాడు. నిజమే, మిషను బాగానే ఉంది. తప్పు భూమిలో ఉంది, అది షాపువాళ్లు నేను కొన్నరోజే చెప్పాల్సింది.

ఈ దెబ్బ తగలాలంటే కరెంట్ తీగలోంచి జంతువు ఒంట్లోకి, కాళ్ల ద్వారా నేలలోకి, నేలలోంచి మిషను ఎర్త్ రాడ్డుకి (మిషనుకి కలిపి నేలలోకి దిగ్గొట్టిన ఇనుప కడ్డీకి) తిరిగి రావాల. ఆ చుట్టు పూర్తి కాకపోతే దెబ్బ లేదు. మన అనంతపురం ఎర్రనేల ఏప్రిల్, మే నెలల్లో ఎట్లుంటాది, పెంకు మాదిరి ఎండిపోయి ఉంటాది, దాంట్లోంచి కరెంట్ రాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది, కోస్తావాళ్లు వాడి చూపించిన వీడియోలు చూసి మనమూ అట్లే ఒక రాడ్డు దిగ్గొట్టి కూర్చుంటే ఎండాకాలం కంచె ఉట్టి దండెం అయిపోతాది.

నేను చేసింది ఇది, ఇట్ల చేసినాక మళ్లీ ఇప్పటిదాకా తప్పలేదు. ఒక రాడ్డు ఉన్న చోట మూడు పెట్టినా, ఒక్కోటి ఐదడుగుల జీఐ పైపు, ఒకదానికొకటి పదడుగుల దూరం, గుంత తీసి బొగ్గు, ఉప్పు వేసి పూడ్చి, మూడింటినీ ఒకే తీగతో కలిపినా. ఆ గుంతల మీద డ్రిప్పు లేటరల్ (సన్న పైపు) ఒకటి లాగి ఒక్కో దానికి ఒక డ్రిప్పర్ పెట్టినా, మోటారు ఆన్ అయినప్పుడల్లా చెట్టుకి నీళ్లు పడినట్టే ఎర్త్ గుంతకీ పడతాయి, దాని కోసం వేరే గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు. రెండోది, నాలుగు తీగల్లో కింది నుంచి ఒకటి, మూడు లైవ్ (మిషను దెబ్బ వదిలేవి), రెండు, నాలుగు ఎర్త్‌కి కలిపినా. ఇట్ల చేస్తే నేల ఎంత ఎండినా ఫరవాలేదు, తల దూర్చిన జంతువుకి పైనొకటి కిందొకటి రెండు తీగలూ ఒకేసారి తగులుతాయి కదా, చుట్టు ఆడికాడికే పూర్తయిపోతాది. మోటారు స్టార్టర్ ఎర్తింగుకి మాత్రం దీన్ని కలపొద్దు, కనీసం ముప్పై అడుగులు దూరంగా ఉండాల.

తీగల ఎత్తు గురించి కూడా ఎవరూ సరిగ్గా చెప్పరు. పందికి రెండు వరసలు చాలు, ఎలుగ్గొడ్డుకి చాలవు. దాని ఒంటి మీద జూలు చూసినారు కదా, జానెడు పొడుగుంటాది, ఆ వెంట్రుకల మీద తీగ తగిలితే దానికి తెలియను కూడా తెలియదు. ముక్కుకో, మూతికో, పాదానికో తగలాల. అందుకే మావి నేల నుంచి అర అడుగు, అడుగుంపావు, రెండడుగులు, మూడడుగులు, ఈ లెక్కన ఉండాయి. కింది తీగ అర అడుగులో ఉండటమే ముఖ్యం, ఎందుకంటే అది మూతి కింద పెట్టి వాసన చూసుకుంటా వస్తాది, దూరేదీ కిందనే.

ఈ ముక్కు సంగతి నాకు చెప్పింది మా అక్క కొడుకు. వాడు అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం ఆష్‌విల్‌లో ఉంటాడు, ఉద్యోగం. అక్కడ నల్ల ఎలుగుబంట్లు, మన వాటికంటే వేరే జాతి, చెట్లు బాగా ఎక్కుతాయి, చలికాలం గుహల్లోనో తొర్రల్లోనో పడుకుంటాయి. ఒకప్పుడు ఆ రాష్ట్రంలో చానా తగ్గిపోయినాయంట, 1970ల నుంచి వాటికి వేరే అడవి జాగాలు పెట్టి కాపాడితే ఇప్పుడు సుమారు 20,000 అయినాయి, ఇండ్ల మధ్య పట్టపగలే నడుస్తాంటాయి, వీడియో కాల్‌లో వాళ్ల చెత్తడబ్బా దగ్గర కూర్చోనుండేది మాకు చూపించినాడు ఒకసారి. ఆ రాష్ట్రంలోనే సముద్రం సైడు మన మాదిరే శెనక్కాయ, మొక్కజొన్న పండిస్తారు, ఆ పంట తిని అక్కడి ఎలుగుబంట్లు బాగా బలుస్తాయి, 1998లో అక్కడ వేటలో పడిన ఒకటి 399 కిలోలు తూగింది. మన ఎలుగ్గొడ్డు మగది మామూలుగా 145 కిలోల లోపే ఉంటాది. అక్కడ తేనెపెట్టెల చుట్టూ ఇదే ఝట్కా కంచె పెడతారంట, తీగకి శెనక్కాయ పేస్టు పూస్తారంట, అది నాకడానికి వచ్చి నాలుకకే దెబ్బ తగిలి ఇంకెప్పుడూ ఆ పక్కకి రాకుండా. నేను మాత్రం పూయలేదు. మన దగ్గర గుట్ట నుంచి చేనుకి యాభై గజాలు కూడా లేదు, వాసన పెట్టి పిలిచినట్టయితాది, పిలవకుండానే వచ్చే దాన్ని మళ్లీ పిలవడం ఎందుకు. వాళ్ల దగ్గర నుంచి తీసుకోవాల్సింది ఇంకోటి ఉంది, చెత్త బయట పెట్టరు, పక్షులకి వేసే గింజలు కూడా ఎలుగు తిరిగే కాలంలో తీసేస్తారు. నేను ఇప్పుడు పగిలిన కలింగర కాయల్ని గట్టు మీద పారేయకుండా గుంత తీసి పూడుస్తాండా, గుడి కాడ టెంకాయ చిప్పలు సాయంత్రమే ఎత్తేయమని పూజారికి చెప్పినాం. దాని వల్ల కూడా తేడా కనపడింది.

ఒక మాట పక్కకి పోయి చెప్తా. హంపి పోయినప్పుడు దరోజీ చూసినా, ఎలుగ్గొడ్ల కోసమే 1994లో పెట్టిన అభయారణ్యం అది, మన బార్డరు అవతలే. సాయంత్రం మంచె మీద కూర్చోబెడతారు, ఎదురుగా బండల మీద బెల్లం పాకం పూసి పెడతారు, పొద్దు వాలేసరికి ఒక్కోటీ ఒక్కోటీ దిగొచ్చి నాకుతాయి, పిల్లలు తల్లి వీపు మీద నుంచి జారి మళ్లీ ఎక్కుతాయి. మా ఊర్లో చూస్తే గుండె ఆగే జంతువుని ఆడ మా చిన్నపాప చప్పట్లు కొట్టి చూసింది. మా అవ్వ కాలంలో ఎలుగ్గొడ్డుకి ముక్కుతాడు వేసి ఊరూరా ఆడించేవాళ్లు వచ్చేవాళ్లు, పిల్లోళ్లకి భయం పోవాలని దాని మీద కూర్చోబెట్టి, వెంట్రుక తాయెత్తులో పెట్టి కట్టేవాళ్లు, నా మొలతాడుకి కూడా ఉండేదంట. ఆ ఆట 2009కల్లా దేశమంతా ఆగిపోయింది, ఆ జంతువులకి మూతి కుట్లు తప్పినాయి, మంచిదైంది. దరోజీ మాదిరి మన కొండల మీద కూడా పండ్లచెట్లు పెట్టి, నీళ్ల తొట్లు కట్టి, క్వారీలు ఆపితే చేన్లలో ఈ మిషన్ల అవసరమే సగం తగ్గిపోతాది, ఇది నేను గట్టిగా నమ్మే మాట.

సరే, మళ్లీ మిషన్ కాడికొస్తా. పోయిన ఒక స్టారు దేనికంటే, బ్యాటరీకి, సర్వీసుకి. వాళ్లిచ్చిన 12 ఏహెచ్ బ్యాటరీ మబ్బు పట్టిన రెండు రోజులకే దిగిపోతాది, వానాకాలం శెనక్కాయకి అదే కదా ముఖ్యమైన టైము. ఏడాదిన్నరకే సగం బలం పోయింది. 2024 అక్టోబర్లో చేనుకి దగ్గర్లో పిడుగు పడి మిషన్లో బోర్డు కాలిపోయింది, వారంటీ ఒక సంవత్సరం ఉంది గానీ పిడుగుకి వర్తించదన్నారు, సరే రిపేరు చేయమంటే పదకొండు రోజులు పెట్టుకున్నారు, 1,800 తీసుకున్నారు. ఆ పదకొండు రాత్రులు మా బావ, నేను వంతులేసుకోని డబ్బా కొట్టుకుంటా మేలుకున్నాం. పిడుగు తట్టుకునే పరికరం నాలుగైదు వందలకి దొరుకుతాదని అప్పుడు తెలిసింది, అది మిషన్తో పాటే ఇవ్వాల్సింది, మీరు కొనేటప్పుడే అడిగి పెట్టించుకోండి. ఉరుములు మొదలైతే మిషను నుంచి తీగ విప్పేయడం ఇంకా మంచిది.

వారం వారం చేయాల్సిన పని కూడా ఉంటాది, అది ఇష్టం లేనివాళ్లు కొనొద్దు. వానలు పడినాక గడ్డి ఎగబడి కింది తీగకి తగులుకుంటాది, తగిలిన ప్రతి గడ్డిపోచా కరెంట్ని నేలకి దించేస్తాది, డిస్‌ప్లేలో 9 ఉన్నది 4కి పడిపోతాది. నేను వారానికోసారి కొడవలి పట్టుకోని చుట్టూ తిరుగుతా, మా ఆవిడ టెస్టర్ పట్టుకోని ఎనకాల వస్తాది, ఐదు లైట్ల టెస్టర్ 300 రూపాయలు, నాలుగు లైట్లు వెలిగితే సరే, మూడైతే యాడో తగిలిందని వెతకాల. పొద్దున ఆపి సాయంత్రం ఆన్ చేయడం మర్చిపోకుండా ఆటో మోడ్ ఉండాది, చీకటి పడితే దానంతటదే ఆన్ అయితాది, అది బాగా చేసినారు. హూటరు కూడా బాగుంది, తీగ తెగినా కింద పడినా ఊరిదాకా వినపడతాది. కంచె మీద హెచ్చరిక బోర్డులు నేను తెలుగులో, కన్నడలో రెండింట్లో రాయించినా, గొర్రెలోళ్లు అవతల నుంచి కూడా వస్తారు కాబట్టి.

పందులకి చక్కగా పని చేస్తాది. నెమళ్లకి పని చేయదు, ఎగిరి లోపల దిగుతాయి. కోతులకి మొదటి వారం పని చేసింది, తర్వాత అవి వెదురు గూటం మీద నుంచి దూకడం నేర్చుకున్నాయి. జింకలు మాకు తక్కువ, వాటి గురించి చెప్పలేను.

ముఖ్యమైంది, ఈ మిషను చేనుని కాపాడతాది, దోవని కాపాడదు. మా చిన్నాయన మీద పడింది చేన్లో కాదు, వంక దోవలో. కంచె పెట్టినాక ధైర్యం వచ్చి ఒంటరిగా మొబ్బులో పోతాండారు కొందరు, అది తప్పు. చేన్లోకి దారి మూసుకుంటే ఎలుగ్గొడ్డు మాయమైపోదు, కంచె ఎంబడి తిరిగి అదే వంక దోవలో పోతాది. అందుకే మేము ఇప్పుడు తెల్లారకముందు పోము, పోవాల్సి వస్తే ఇద్దరం, టార్చి, కర్రకి గజ్జెలు కట్టుకోని, మాట్లాడుకుంటా పోతాం, ఫోన్లో పాట గట్టిగా పెట్టినా సరే. మనమొచ్చేది దానికి ముందే తెలిస్తే పక్కకి తప్పుకుంటాది, చానాసార్లు చూసినా నేను. ఎదురుపడితే మాత్రం పరిగెత్తొద్దు, అది మనకంటే జోరుగా వస్తాది, మెల్లగా వెనక్కి జరగండి. పిల్లలతో ఉన్న తల్లిని చూస్తే ఫోటోల కోసం ఎవరూ ఆగొద్దు, బైకు లైటు వేసి వెంటపడే పిల్లోళ్లు కొందరుంటారు, వాళ్ల ఇంట్లో పెద్దోళ్లు గట్టిగా చెప్పండి. మోటారుకి మొబైల్ స్టార్టర్ (ఫోన్ నుంచే మోటారు ఆన్ చేసేది) పెట్టించుకుంటే రాత్రి పోవాల్సిన పనే చానావరకు తప్పుతాది, మేము ఈ మధ్యనే పెట్టించినాం, దాని మీద ఇంకోసారి రాస్తా.

వంకలో మా భాగానికి వచ్చే ఆరు ఈతచెట్లని నేను కొట్టనీయలేదు. గట్టు చదును చేసేటప్పుడు జేసీబీ డ్రైవర్ అడిగినాడు, వద్దన్నా. మేలో ఆ పండ్లు మాగినప్పుడు రాత్రిళ్లు అవి ఆడికి వస్తాయి, తెల్లారి పెంటలో గింజలు కనపడతాయి. మొన్న ఎండాకాలం ఈతపండ్లు ఉన్న రెండు వారాలు కంచె దగ్గర ఒక్క కొత్త అడుగు కూడా పడలేదు. మా చిన్నాయన ఆ చెట్ల కింద ఇంకో నాలుగు ఈత మొక్కలు నాటినాడు, డ్రిప్పు చివర పైపు ఆ పక్కకి తిప్పి.

వచ్చే నెల బ్యాటరీ మార్చాల, ఈసారి 26 ఏహెచ్ పెడతా, రేటు కనుక్కున్నా, 2,600 చెప్పినారు. మబ్బు రోజుల్లో అది ఎన్ని రాత్రులు నిలబడిందో శెనక్కాయ పీకినాక ఈ రివ్యూలోనే కింద కలుపుతా.